పండగ లేని విముక్తి
గుత్తి దగ్గర సేవాగడ్‌లో ఫిబ్రవరిలో పెద్ద జాతర. ఆగస్టు 31 మాత్రం చప్పుడు లేకుండా పోతుంది. ఎందుకు?

ఫిబ్రవరి రెండో వారం దాటిందంటే గుత్తి, గుంతకల్లు స్టేషన్లలో దిగే జనం తీరు మారిపోతుంది. మెడలో సేవాలాల్ మాలలు వేసుకున్న మగవాళ్లు, అద్దాల ఫేటియాలు (పావడాలు) కట్టిన ముసలవ్వలు, వాళ్ల వెనకాల సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న మనవళ్లు. కర్ణాటక, తెలంగాణ, మహారాష్ట్ర తండాల నుంచి రైళ్లలో, జీపుల్లో, ట్రాక్టర్లలో వచ్చి గుత్తి మండలం చెర్లోపల్లి దగ్గరున్న సేవాగడ్ దారి పడతారు. ఫిబ్రవరి 15 సేవాలాల్ మహరాజ్ జయంతి. 1739లో ఆయన ఈ మెట్ట నేల మీదే పుట్టాడని బంజారాల నమ్మకం. తండ్రి భీమా నాయక్, తల్లి ధర్మిణి యాడి. కొలిచిన దేవత మేరమ్మ.

జాతరలో అన్నిటికన్నా ముఖ్యం భోగ్. నిప్పులు రాజేసి నెయ్యి పోసి, బెల్లం వేసి వండిన పాయసాన్ని అందులో వేస్తారు. పొగ లేస్తుండగా పెద్దలు అరదాస్ చదువుతారు. పసిబిడ్డ దగ్గర్నుంచి పశువు దాకా అందరినీ చల్లగా చూడమని వేడుకోవడం అది. ఆ తరవాత నగారా మీద దెబ్బ పడుతుంది. ఆడవాళ్లు వలయం కడతారు. గోర్ బోలీలో పాట అందుకుంటారు. లిపి లేని భాష అది. తెలుగు, కన్నడ, దేవనాగరి లిపుల్లో ఎవరికి వచ్చిన దాంట్లో వాళ్లు రాసుకుంటారు. రాసింది తక్కువ, పాడింది ఎక్కువ.

ఇంత పెద్ద జాతర జరిగే చోట, ఇదే జనానికి సంబంధించిన మరో తేదీ ఏటా వచ్చి వెళుతుంది. ఆగస్టు 31. 1952లో ఆ రోజున దేశమంతటా నేరస్త జాతుల చట్టం రద్దయింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, వేలిముద్రలు తీసుకుని, పోలీసు పటేలు ముందు హాజరు వేయించుకున్న దాదాపు ఎనభై ఏళ్ల చట్టం ఆ రోజుతో పోయింది. గుజరాత్‌లోనూ మహారాష్ట్రలోనూ కొన్ని పేటల్లో దాన్ని విముక్తి దినంగా జరుపుకుంటారు, నాటకాలు వేస్తారు. అనంతపురం తండాల్లో, ఎరుకల గేరీల్లో ఆ రోజు వేరుశనగ చేలో కలుపు తీసుకుంటారు, లేకపోతే బెంగళూరు బస్సెక్కుతారు.

వాళ్లు మరిచిపోయారని తేల్చేయడం తేలిక. నాకు మాత్రం, ఆ తేదీనే వాళ్ల గడప దాకా రాలేదనిపిస్తుంది.

1871, రెండుసార్లు

ఈ కథలో ఒకే సంవత్సరం రెండుసార్లు వస్తుంది. మద్రాసు నుంచి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా వేసుకుంటూ పోయిన రైలు పట్టాలు 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలతో కలిశాయి. అదే ఏడాది అక్టోబరులో మొదటి నేరస్త జాతుల చట్టం పాసయింది. ఎవరూ రెండింటినీ ముడిపెట్టి చేయలేదు, నిజమే. కానీ సేవాగడ్ పక్క నుంచి రైలు కూత వేసుకుంటూ పోవడం మొదలయ్యాక ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుని బతికే మనిషికి పని లేకుండా పోయింది. పని లేకుండా ఊరూరా తిరిగేవాణ్ణి దొంగ అనడానికి అవసరమైన కాగితం కూడా అప్పుడే తయారవుతోంది.

అంతకు ముందు వందేళ్లు ఈ దారులు బంజారాలవి. సేవాలాల్ బతికిన కాలాన్ని చూడండి. గుత్తి కోటలో మురారిరావు ఘోర్పడే, ఆ తరవాత హైదర్ అలీ, టిప్పు, నిజాం, చివరికి 1800లో కంపెనీ. జెండాలు మారుతూ పోయాయి కానీ అందరి సైన్యాలూ తిన్నది ఎద్దుల మీద వచ్చిన గింజలే. శ్రీరంగపట్నం మీదకి పోయిన ఇంగ్లీషు దండుకైనా, ఆ తరవాత మరాఠాల మీదకి నడిచిన వెల్లెస్లీ దండుకైనా ధాన్యం తెచ్చింది బంజారా బిడారులే. ఎవరు గెలిచినా వాళ్ల దగ్గరే కొనాలి. అందుకని యుద్ధంలో కూడా వాళ్ల జోలికి పోయేవాళ్లు కాదు. తండా అంటే అప్పట్లో ఊరు కాదు, నడిచే బజారు. ముందు నాయక్, వెనక వేల ఎద్దులు, వాటి గంటలు. మందలో ఒక ఎద్దు మీద ఎన్నడూ బరువు వేసేవాళ్లు కాదు. దాన్ని దేవుడికి వదిలేసేవాళ్లు. జబ్బు చేస్తే దాని కాళ్ల మీద పడేవాళ్లని పాత రికార్డులు రాసిపెట్టాయి.

ఎరుకలవాళ్లదీ ఇంచుమించు ఇదే బతుకు. సముద్రపొడ్డు నుంచి ఉప్పు, కరివేపాకు, చింతపండు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని సీడెడ్ జిల్లాల (ఇప్పటి రాయలసీమ వైపు) లోపలికి తెచ్చేవాళ్లు. తిరుగు ప్రయాణంలో ధాన్యం. కంపెనీ 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం తీసుకోవడంతో మొదటి దెబ్బ తగిలింది, రైలు రెండోది. 1876-78 కరువు మూడోది. ధాత కరువని మన పెద్దలు చెప్పుకునే ఆ కరువులో సీడెడ్ జిల్లాలు చాలా ఘోరంగా దెబ్బతిన్నాయి. మనుషులకే గంజి లేనప్పుడు మందలు మిగులుతాయా? ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే ఈ గడ్డ మీద పోయిన మందను మళ్లీ పోగు చేసుకోవడానికి ఒక తరం సరిపోదు.

ఆ తరవాత వచ్చింది చట్టం. 1871 నాటిది ఉత్తరాది వరకే. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఆ చట్టం పనిచేసిన తీరు చాలా సులువు, అదే దాని క్రూరత్వం. ఒక జాతిని, ఒక గుంపును నేరస్త జాతిగా ప్రకటిస్తే చాలు. అందులో ఎవరు దొంగతనం చేశారో రుజువు చేయక్కర్లేదు. కోర్టులో ఆ ప్రకటనను ప్రశ్నించడానికి వీల్లేదు. పెద్దవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కుతాయి, పది వేళ్ల ముద్రలు పడతాయి. ఇల్లు మారితే చెప్పాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. పిలిచిన వేళకు హాజరు పలకాలి, అర్ధరాత్రి అయినా సరే. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో ఉంచే అధికారం కూడా అందులో రాశారు. ఆంధ్రలో నేటి విముక్త జాతుల జాబితాలు తిరగేస్తే ఎరుకల, యానాది, దొమ్మర, నక్కల, దొంగ దాసరి, సుగాలీ పేర్లు కనిపిస్తాయి. ఆ ‘దొంగ’ అన్న మాటను జాతి పేరులోనే అతికించిన చేయి ఎవరిదో వేరే చెప్పాలా?

ఎరుకలసాని తెర మీద, ఎరుకల మనిషి ఠాణాలో

తెలుగువాళ్ల గురించి ఒక వింత చెప్పాలి. మనకు ఎరుకలసాని అంటే ఎంత ప్రేమో! తిరుమల వెంకన్న పద్మావతిని పెళ్లాడటానికి ఆకాశరాజు అంతఃపురంలోకి వెళ్లింది ఎరుకలసాని వేషంలోనే. యక్షగానాల్లో, కొరవంజి ఆటల్లో ఆమె రాకపోతే కథ కదలదు. చేతిలో బుట్ట, చంకలో బిడ్డ, నోట్లో సోది. రాణి చేయి పట్టుకుని జాతకం చెప్పగల ఒకే ఒక్క పాత్ర అది. తెర మీద ఆమెకు హారతి పట్టిన సమాజమే, తెర బయట ఆమె కొడుకును ఠాణాలో కూర్చోబెట్టింది.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం మీకు తెలిసే ఉంటుంది. ఎలా తెలుసు? సినిమాల వల్ల. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’. ఆ ఊరు ఎలా పుట్టిందో ఏ సినిమా తీరిగ్గా చెప్పలేదు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, ఎరుకల కుటుంబాలను తెచ్చి కాపలాలో పెట్టిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలో హోం వ్యవహారాలు చూసిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. కావలి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటు, సీతానగరం, కర్నూలు వైపు సిద్ధాపురం... అన్నీ ఆ కోవలోవే. సంస్కరణ అని పేరు. చవగ్గా కూలీలు దొరకడం ఫలితం. చీరాల పొగాకు కంపెనీకి స్టువర్టుపురం మనుషులు ఎందుకు అంత దగ్గరయ్యారో పరిశోధకులు విప్పి చెప్పారు. ఆ ఊళ్లో 1970ల్లో హేమలతా లవణం చేసిన పని వేరే రకం. గుర్రం జాషువా కూతురు ఆమె. పోలీసు రిజిస్టర్లతో కాదు, ఇళ్ల గడపల్లో కూర్చుని మాట్లాడి మార్పు తేవాలని చూసింది.

లంబాడీలకు, అంటే ఈ బంజారాలకే, మరో రకం గౌరవం దక్కింది. తెలుగు నాట ఏ బడి వార్షికోత్సవమైనా తీసుకోండి, లంబాడీ డాన్సు లేకుండా ముగియదు. అద్దెకు తెచ్చిన అద్దాల గాగ్రాలు, చేతికి ప్లాస్టిక్ గాజులు, మూడు నిమిషాల సినిమా పాట. ఎగిరే పిల్లల్లో ఎవరికైనా ఆ గవ్వలు, నాణేలు బట్ట మీదకి ఎలా వచ్చాయో తెలుసా? ఊరూరా తిరిగి వ్యాపారం చేసేవాళ్లు సంపాదన ఒంటి మీదే మోసేవాళ్లు. ఇల్లూ బీరువా లేని చోట బట్టే భోషాణం. సముద్రపు గవ్వ రాయలసీమ మెట్టకు నడిచి రాలేదు, బిడారులో వచ్చింది. ఆ కుట్టు ఇప్పటికీ బతికున్న చోటు చూడాలంటే అనంతపురం సరిహద్దు దాటి బళ్లారి జిల్లా సండూరు వెళ్లాలి. అక్కడి లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, కుశల కళా కేంద్రం ఉంది, విదేశాల్లో కొనేవాళ్లున్నారు. మన వైపు తండాల్లో అవ్వలు పోతే ఫేటియా వాళ్లతోనే పోతోంది, లేకపోతే పాత బట్టలవాడి మూటలోకి. కోడళ్లు చీరలకు, నైటీలకు మారారు. మారడం తప్పని నేననను. ఎండాకాలం కూలి పనికి పదికిలోల పావడా కట్టుకుని పొమ్మని ఎవరు చెప్పగలరు?

బట్ట పోయినా పాట అంత తొందరగా పోలేదు. పాత పద్ధతి పెళ్లిలో పెళ్లికూతుర్ని ఎద్దు వీపు మీద నిలబెట్టేవాళ్లు. రెండు చేతులూ పైకెత్తి, పుట్టింటిని వదిలిపోతున్నానని ఏడుస్తూ పాడుతుంది. ఆ ఏడుపు పాటలను ఢావ్లో అంటారు. పిల్ల చిన్నప్పుడే తల్లి దగ్గర నేర్చుకుంటుంది. ఏడవటం కూడా రాగంలో రావాలి మరి. ఇప్పుడు ఎద్దు లేదు, బొలేరో ఉంది. ఢావ్లో మాత్రం కొన్ని తండాల్లో ఇంకా వినిపిస్తుంది. వ్యాపారం పోయి నూటయాభై ఏళ్లయ్యాక కూడా ఎద్దు పాటలో ఉంది. హోలీకి లేంగీ పాడతారు, ఆ ఏడాది పుట్టిన మగబిడ్డకు ధూండ్ చేస్తారు. శ్రావణంలో తీజ్. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చివరి రోజు చెరువులో నిమజ్జనం. అనంతపురంలో తీజ్‌కు కావలసినవన్నీ దొరుకుతాయి, చెరువులో నీళ్లు తప్ప.

ఈ పాటల్లో, కుట్టులో ఎక్కడా చట్టం సంగతి నేరుగా ఉండదు. నేరస్త జాతుల చట్టం మీద ఢావ్లో లేదు. అది పెద్ద లోటుగా అనిపించింది మొదట్లో. ఆలోచిస్తే, ఆ మౌనానికీ కారణం ఉంది. రిజిస్టర్లో పేరున్న మనిషి దాన్ని బిడ్డలకు పాటగా నేర్పుతాడా? పేరు మార్చుకోవడం, ఊరు మార్చుకోవడం, నోరు మూసుకోవడం, ఇవి కూడా బతకడానికి నేర్చిన విద్యలే.

గాల్వెస్టన్ దాకా ఒకసారి

విముక్తి తేదీ పండగ అయిన చోటు ఒకటుంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇప్పుడు జూన్ 19 సెలవు. జూన్‌టీన్త్. 1863 జనవరి 1న లింకన్ బానిసల విముక్తి ప్రకటన చేశాడు. ఆ కబురు టెక్సాస్ అంచున ఉన్న గాల్వెస్టన్‌కు సైన్యంతో చేరేసరికి 1865 జూన్ 19 అయింది. రెండున్నరేళ్లు. ఆ మధ్యకాలంలో కాగితం మీద స్వేచ్ఛ ఉన్న మనిషి పొలంలో బానిసగానే ఉన్నాడు. కబురు వచ్చిన రోజునే పండగ చేసుకున్నారు, చట్టం వచ్చిన రోజున కాదు. 1872లో హ్యూస్టన్‌లో నల్లజాతి పాస్టర్లు, జాక్ యేట్స్ లాంటివాళ్లు చందాలు పోగేసి పదెకరాలు కొన్నారు, ఈ పండగ జరుపుకోవడానికే. దానికి ఎమాన్సిపేషన్ పార్కు అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లో పార్కుల్లోకి వాళ్లను రానివ్వని కాలం అది. ఆ పేట థర్డ్ వార్డ్. ఆ పేటలోనే 1993లో రిక్ లోవ్, మరికొందరు కళాకారులు కూలిపోబోతున్న 22 చిన్న ఇళ్లను బాగుచేసి ప్రాజెక్ట్ రో హౌసెస్ మొదలుపెట్టారు. కొన్ని గదుల్లో బొమ్మలు, కొన్నింట్లో చదువుకుంటున్న ఒంటరి తల్లులు. కళ అంటే గోడకు వేలాడేది మాత్రమే కాదని ఆ వీధి చెబుతుంది. జూన్‌టీన్త్ 1980లో టెక్సాస్ రాష్ట్ర సెలవైంది, 2021లో దేశమంతా. అంటే పండగ ముందు పేటలో పుట్టి, ప్రభుత్వానికి నూరేళ్లకు పైగా తరవాత ముట్టింది.

ఒక సంగతి మాత్రం జూన్‌టీన్త్ ఉపన్యాసాల్లో తక్కువ వినిపిస్తుంది. ఆ రోజు జనరల్ గ్రేంజర్ వెలువరించిన ఆర్డరు స్వేచ్ఛ ప్రకటించి అక్కడితో ఆగలేదు. ఉన్నచోటే ఉండి కూలికి పనిచేసుకోండి, సైనిక శిబిరాల దగ్గర గుంపులుగా చేరకండి, పని లేకుండా కూర్చుంటే ఎవరూ పోషించరు అని కూడా చెప్పింది. విడుదల చేసిన నోటితోనే సోమరిపోతులవుతారేమో అన్న అనుమానం.

ఇది చదివినప్పుడు మన 1952 గుర్తుకు రాక తప్పదు. నిజానికి అనంతపురం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి ఇక్కడ చట్టం 1947లోనే పోయింది. దేశమంతటా తీసేయాలా అన్నది తేల్చడానికి 1949లో ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు మన రాయలసీమవాడే, తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్, తరవాత లోక్‌సభ స్పీకరైన మనిషి. రద్దు చేయమనే ఆ కమిటీ చెప్పింది. అయితే దాని స్థానంలో అలవాటుపడ్డ నేరగాళ్ల చట్టం ఉండాలనీ చెప్పింది. మద్రాసు ఆ పని ముందే చేసి పెట్టింది, 1948లో. జాతి పేరు తీసేసి అలవాటు అన్న పేరు పెట్టారు. ఠాణాలో రిజిస్టరు అట్ట మారింది. దొంగతనం జరిగిన తెల్లారి పోలీసు జీపు ముందు ఏ గేరీకి పోతుందన్నది మారలేదు.

అందుకే, విముక్తి తేదీని ఎందుకు పండగ చేసుకోలేదని తండాను అడగడం నాకు న్యాయంగా తోచదు. ఆ తేదీతో పాటు ఏం ఇచ్చారు? పోయిన మంద తిరిగి రాలేదు. భూమి రాలేదు. సుగాలీలకు, అంటే ఇక్కడి బంజారాలకు, ఆంధ్రలో 1956లో షెడ్యూల్డ్ తెగల హోదా వచ్చింది, అది పెద్ద మేలే, కాదనను. చదువులు, ఉద్యోగాలు, శాసనసభ సీట్లు దాని వల్లే వచ్చాయి. కానీ అదే బంజారా కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. సేవాగడ్ జాతరకు ఒకే బండిలో వచ్చిన బావలు, బావమరుదులు మూడు రకాల సర్టిఫికెట్లు జేబులో పెట్టుకుని వస్తారు. వాళ్లందరినీ ఒకచోట నిలబెట్టగలిగింది చట్టం కాదు, సేవాలాల్ బాపు పుట్టినరోజు. తమను దొంగలుగా రాసిన కాగితం చిరిగిన రోజు కంటే, తాము దొంగలు కాని కాలంలో పుట్టిన మనిషి రోజే వాళ్లకు గొప్పదైంది. ఆ ఎంపికలో నాకు ఆత్మగౌరవం కనిపిస్తుంది.

అయినా ఒక దిగులు ఉంది. పుట్టినరోజు జాతరకు మంత్రులు వస్తారు, దండలు పడతాయి, హామీలు వినిపిస్తాయి. మహారాష్ట్ర పోహరాదేవిలో 2024 అక్టోబరులో ప్రధాని చేతుల మీదుగా బంజారా విరాసత్ మ్యూజియం ప్రారంభమైంది, నగారా ఆకారంలో కట్టారు. గొప్ప విషయమే. కానీ నేతలకు కీర్తన తేలిక, లెక్క కష్టం. జయంతి నాడు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆగస్టు 31 నాడైతే అడగాల్సి వస్తుంది. పోలీసు రికార్డుల్లో ఏముంది, విముక్త జాతుల మీద వేసిన రేణకే కమిషన్ 2008లో, ఇదాతే కమిషన్ 2017లో ఇచ్చిన నివేదికలు ఏమయ్యాయి అని. బహుశా అందుకే ఆ రోజును ఎవరూ ఎత్తుకోలేదు.

నాటకం వేసినవాళ్లు

ఎత్తుకున్నవాళ్లు లేకపోలేదు. తమిళనాడులో ఉసిలంపట్టి దగ్గర పెరుంగామనల్లూరులో 1920 ఏప్రిల్ 3న వేలిముద్రలు ఇవ్వబోమని కళ్లర్లు ఎదురు తిరిగితే పోలీసులు కాల్చారు. 16 మంది పోయారు. నీళ్లు తెచ్చిన మాయక్కాళ్ అనే ఆడమనిషి కూడా అందులో ఉంది. ఏటా ఏప్రిల్ 3న ఆ ఊళ్లో దండలు వేస్తారు, స్మారకం ఉంది. ఒక ఊరు తన పేరు తానే గుర్తుపెట్టుకోవడం అంటే ఇదే.

అహ్మదాబాదు ఛారానగర్‌ది మరో దారి. 1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ పురూలియాలో బుధన్ శబర్ అనే విముక్త జాతి యువకుడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. మహాశ్వేతా దేవి ఆ కేసును కోర్టు దాకా తీసుకెళ్లారు. ఛారానగర్ కుర్రాళ్లు దాన్ని నాటకం చేశారు. అలా పుట్టింది బుధన్ థియేటర్. పోలీసుల ముందు కూడా ఆ నాటకం ఆడారు. సారా కాస్తారని, దొంగలని ముద్ర పడ్డ పేట అది. అక్కడి పిల్లలు నటులయ్యారు, లాయర్లయ్యారు, విలేకర్లయ్యారు. మా పేటలో నటన కొత్త విద్య కాదని, పట్టుబడినప్పుడు బతికి బయటపడటానికి నేర్చుకున్నదే అని వాళ్లే నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ హాస్యాన్ని బయటివాళ్లు అంటే అవమానం, వాళ్లంటే కళ.

ఉమ్మడి అనంతపురానికి నాటకం కొత్త కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు మీద రాముణ్ణీ రావణుణ్ణీ చెక్కే చేతులు ఒక పోలీసు రిజిస్టరునూ, ఒక ఎద్దుల బిడారునూ చెక్కలేవా? ఆ బొమ్మలాటవాళ్లూ ఒకప్పుడు ఊరూరా తిరిగి బతికినవాళ్లే. తెర వెనక దీపం పెడితే బిడారు నీడ ఎంత బాగా కదులుతుందో ఊహించుకోవచ్చు. పల్లెటూళ్లలో రామాయణం చూసే జనం తగ్గి, ఆ కుటుంబాలు లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్న కాలంలో ఒక కొత్త కథ వాళ్లకూ పనికొస్తుంది.

కబురు ఆలస్యంగా చేరడం గురించి అనుకున్నాం కదా. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నియమాలు చెల్లవని చెప్పింది. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన పిటిషన్ అది. తీర్పులో పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్లను ఒక్కొక్కటిగా విప్పి చూశారు. అందులో ఆంధ్రప్రదేశ్ జైలు నియమాలూ ఉన్నాయి, 1979 నాటివి. సంచార జాతులు, నేరస్త జాతులు అన్న మాటలు అప్పటికీ అచ్చులో ఉన్నాయి. అలవాటుపడ్డ నేరగాడు అన్న ముద్రను విముక్త జాతుల మీద వేయడాన్ని కూడా న్యాయస్థానం తప్పుపట్టింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో పోయిందనుకున్నది, దేశంలో 1952లో పోయిందనుకున్నది, మన జైలు పుస్తకంలో 2024 దాకా బతికే ఉంది. గాల్వెస్టన్‌కు కబురు రెండున్నరేళ్లు ఆలస్యమైంది. మనకు ఎన్నేళ్లో లెక్కేసుకోండి.

గాల్వెస్టన్‌లో ఆ ఆర్డరు వెలువడిన చోటికి దగ్గర్లో ఒక భవనం గోడ మీద 2021లో అయిదు వేల చదరపు అడుగుల బొమ్మ వేశారు. రెజినాల్డ్ ఆడమ్స్ అనే చిత్రకారుడు తన బృందంతో వేశాడు. సముద్రం దాటి వచ్చిన ఓడ దగ్గర్నుంచి స్వేచ్ఛగా నడుస్తున్న మనుషుల దాకా అందులో ఉంటుంది. రైల్వేవాళ్లకు స్టేషన్ గోడల మీద బొమ్మలు వేయించే సరదా ఈ మధ్య బాగా పట్టుకుంది. గుత్తి స్టేషన్‌లో పొడుగాటి గోడలకు కొదవ లేదు. ఒక చివర ఎద్దుల బిడారు, మధ్యలో రైలు, దాని పక్కన 1871 అన్న అంకె ఒక్కసారి కాదు రెండుసార్లు. ఆ పక్కన పది వేలిముద్రలు, బుట్టతో ఎరుకలసాని, చివర్న సేవాగడ్ భోగ్ మంట. అంచులకు నకాషీ కావాలంటే ఫేటియా కుట్టే అవ్వలే వచ్చి గీత గీసి చూపించాలి, కూలి ఇచ్చి పిలవాలి, దండ వేసి పంపితే కుదరదు. ఫిబ్రవరిలో దిగే భక్తులు రైలు దిగగానే చూస్తారు. ఆగస్టు 31కి రంగు ఆరాలంటే వానల ముందే మొదలుపెట్టాలి అంటారేమో. అనంతపురంలో ఆ భయం ఎవరికీ అక్కర్లేదు.